అవ్వ క్యాన్లలో సృజన మందు

చిట్కుల్,
మంగళవారం

బంగారు బిడ్డ సృజనకు, మీ నాయన కన్నతల్లి బీరమ్మ దీవించి రాయిస్తున్నది.

ఇక్కడ మేమందరం బాగున్నాం. బర్రెలు రెండూ పాలిస్తున్నాయి. మీ అమ్మ కాలినొప్పి తగ్గింది. రాసే చెయ్యి మన పక్కింటి అంగన్‌వాడీ టీచరు హైమావతిది, మాట నాది. నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తానంది. దిద్దమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నది అన్నట్టే ఉంచమన్నాను. లేకపోతే ఎవరు ఎంత వంకరగా మాట్లాడారో నీకు తెలియదు.

ఫోన్ ఎందుకు చేయవంటావేమో. నా కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవిలో అరిచి చెప్తేనే వినిపిస్తుంది. ఫోన్‌లో నీ గొంతు దోమ తిరిగినట్టుంటుంది, మాట తెలియదు. మీ నాయనతో చెప్పి పంపిద్దామంటే, వాడు నువ్వు చదివే కంది క్యాంపస్‌లోనే తోటపని చేస్తాడు కానీ నేను ఇంత పొడుగు సంగతి చెబితే నీ దగ్గరికి వచ్చి "అవ్వ మంచిగుంది" అని ఊరుకుంటాడు. అందుకే ఈ కాగితం. వాడి అన్నం సంచిలో పెడుతున్నాను. జవాబు కూడా దాంట్లోనే పెట్టు.

అసలు సంగతి ఇది. నిన్న పొద్దున పాలకేంద్రంలో పాలు పట్టుకునే నర్సింహ అందరినీ ఆపి, కందిలో నువ్వు తయారు చేసిన మందు మన ఊరి పాల క్యాన్లు కడగడానికి వస్తుందని, కొన్నాళ్లు వాడి చూడాలని చెప్పాడు. నా గుండె ఇంతయింది. కానీ నా వెనకే కౌసల్యమ్మ ఉంది. ఆమె సంగతి నీకు తెలుసు, ఊళ్లో భూములన్నీ వాళ్లవే అన్నట్టు మాట్లాడుతుంది. నా చెవి దగ్గరికి వచ్చి మరీ అంది:

"బీరమ్మా, అప్పట్ల మందుల కంపెనీ ట్యాంకరుకు అడ్డం పన్నవ్. ఇప్పుడు నీ మనుమరాలే మందు జేసి మన క్యాన్లల్ల పోస్తదట. ఇగ ఎవరికి అడ్డం పంటవ్?"

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు. నేను అడ్డం పడుకున్నది నిజం. నువ్వప్పుడు చిన్నపిల్లవు. వాగులోకి ఎవరి కంపెనీదో ట్యాంకరు వచ్చి పచ్చటి నీళ్లు వదిలిపోతుంటే, ఆ నీళ్లు తాగి మన సూడి బర్రె నోట నురగ కక్కి చచ్చింది. మళ్లీ ట్యాంకరు వచ్చిన పొద్దు నేను దాని టైరు ముందు పడుకున్నాను. డ్రైవరు దిగి దండం పెట్టినా లేవలేదు. ఆ తర్వాత మన వాగు దిక్కు ట్యాంకరు రాలేదు. బోర్లలో నీళ్లు మాత్రం బాగుపడలేదు. ఇప్పటికీ నల్లా ఎప్పుడొస్తే అప్పుడే బిందెలు.

కౌసల్యమ్మకు నేను చెప్పిన జవాబు ఒకటే: "అవును, నా మనుమరాలే జేసింది. ముందు నా క్యాన్లల్లనే పొయ్యుండ్రి."

ఆమాట అయితే అన్నాను. కానీ బిడ్డా, తెలియని దాన్ని నేను వెనకేసుకుని రాను. ఆ మందు ఏంది, దేనితో చేశావు, ఎట్ల చేశావు, క్రిములను ఎట్ల చంపుతుంది, కడిగిన నీళ్లు వాగులో పడితే ఏమవుతుంది, ఇవన్నీ మొదటి నుంచి రాయి. హైమావతి చదువుతుంది, నాకు అర్థమయ్యేదాకా చదివిస్తాను. పాలు తాగే బర్రెదూడకు కూడా చెప్పినట్టు చెప్పు.

నీ మీద కొండంత నమ్మకంతో,
నీ అవ్వ బీరమ్మ


కంది,
శుక్రవారం

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరం నాన్న నీళ్లపైపు పక్కన పెట్టి మరీ తెచ్చి ఇచ్చాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని చదివి నవ్వుకున్నాను, తర్వాత ఏడుపొచ్చింది. మా గైడ్ మేడం అటుగా పోతూ ఏమైందని అడిగితే, నాన్న తలగుడ్డ తీసి, "మా అమ్మ రాసింది మేడం, మా బిడ్డకు" అన్నాడు. మేడంకు కూడా నీ ట్యాంకరు కథ చెప్పాను. నువ్వు అడిగిన ప్రశ్నలు, నా పరిశోధనను పరీక్షించే కమిటీలో సార్లు అడిగే ప్రశ్నలే అంది.

సరే, మొదటి నుంచి చెప్తాను.

గాలిలో ఉంటుందే నత్రజని, అది ఉన్న ఒక వాయువుతో మొదలుపెడతాను. దాని పేరు ట్రైమిథైల్ అమీన్. చేపలు కుళ్లిన వాసన. ఒక్కరోజు సీసా మూత సరిగ్గా పెట్టకపోతే హాస్టల్‌లో నా పక్కన ఎవరూ అన్నం తినలేదు. ఆ వాయువులో నత్రజనికి మూడు చేతులున్నాయనుకో. మూడింటితో మూడు చిన్న ముక్కలను పట్టుకుని ఉంటుంది. కానీ దానికి ఇంకొకరిని పట్టుకునే శక్తి మిగిలే ఉంటుంది. ఆ నాలుగో చెయ్యి అందించడమే నా పని.

రెండో వస్తువు కొబ్బరినూనె నుంచి వచ్చే ఒక ఆల్కహాలు. దానికి పొడవైన తోక ఉంటుంది, జిడ్డు తోక. ఆ తోక చివర ఒక చిన్న ముక్క అతికిస్తాను. ఆ ముక్క కొసకు క్లోరిన్ ఉంటుంది. ఇప్పుడు ఈ రెండింటినీ ఒకచోట చేర్చి చల్లగా ఉంచి కలియబెడితే, నత్రజని పోయి క్లోరిన్ కూర్చున్న చోటును పట్టుకుంటుంది. క్లోరిన్ చోటు వదిలి పక్కకు జరుగుతుంది. పోతూ పోతూ ఋణావేశం తీసుకుపోతుంది, నత్రజనికి ధనావేశం మిగులుతుంది. నాలుగు చేతులూ నిండిన ఈ నత్రజని ఉప్పునే క్వాటర్నరీ అమ్మోనియం లవణం అంటారు. తెల్లగా, మెత్తని రేకుల్లా అడుగున దిగుతుంది. వడగట్టి, కడిగి, ఆరబెడితే చేపల వాసన జాడే ఉండదు. అవ్వా, మొదటిసారి ఆ రేకులను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన రాలేదని తెలిసినప్పుడు నేను ల్యాబులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. అంతకు ముందు చేసినవన్నీ పసుపుపచ్చగా, జిగటగా వచ్చాయి.

క్రిమి ఒంటిమీద ఋణావేశం ఉంటుంది. నా మందుది ధనావేశం కాబట్టి పోయి దానికి అంటుకుంటుంది. అంటుకున్నాక ఆ జిడ్డు తోక క్రిమి చర్మంలోకి దిగి చీలుస్తుంది. క్రిమి చస్తుంది.

ఇక వాగు సంగతి. నీకు అబద్ధం చెప్పను. ఈ జాతి మందుల్లో పాతరకాలు నీళ్లలో చాలాకాలం ఉంటాయి, చేపలకు మంచిది కాదు. నా మందులో మధ్యన కావాలనే ఒక బలహీనమైన కీలు పెట్టాను. నీళ్లలో కొన్నిరోజులుంటే ఆ కీలు దగ్గర విడిపోతుంది. ఒక ముక్క బీట్‌రూట్ దుంపలో ఉండే పదార్థమే. రెండోది కొబ్బరి జిడ్డు, మట్టిలోని క్రిములే తినేస్తాయి. అయినా వాడిన నీళ్లు వాగులో పోయకుండా పాలకేంద్రంలో డ్రమ్ములో పట్టమని నర్సింహ బాబాయికి చెప్పాను.

వాడే పద్ధతి ఇది: క్యాను కడగాలి, మందునీళ్లు పోసి కాసేపు ఉంచాలి, ఒంపేయాలి, పాలు పోసేముందు మంచినీళ్లతో తొలపాలి. అంతే.

ఒక్కమాట. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం కమిటీ ముందు నిలబడాలి. ఊళ్లో మందు పనిచేసిందా లేదా అన్నదే వాళ్లు ముఖ్యంగా అడుగుతారు. పని చేయకపోతే దీన్ని వదిలేసి ఇంకేదైనా చెయ్యమంటారు. మూడేళ్ల నుంచి చేసింది అక్కడితో ఆగిపోతుంది.

నీ మాట పోనివ్వను.
నీ సృజన


చిట్కుల్,
బుధవారం

కన్నతల్లీ సృజనా,

నీ కాగితం హైమావతితో ఎన్నిసార్లు చదివించానో ఆమెను అడుగు. నత్రజని నాలుగు చేతుల సంగతి ఊరంతా చెప్పాను. బస్సు ఎక్కిన వాళ్లకు కూడా చెప్పాను. కానీ ఈరోజు చెప్పేది మంచిమాట కాదు. గుండె దిటవు చేసుకుని చదువు.

పాలు విరుగుతున్నాయి. ఎవరివో కాదు, నావి.

నిన్న పొద్దున నర్సింహ నా క్యాను మూత తీసి, కడ్డీ ముంచి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "అవ్వా, పుల్లవాసన గొడ్తున్నయ్. తీస్కోను" అన్నాడు. పెళ్లయి ఈ ఊరొచ్చిన నాటి నుంచి నా పాలు వెనక్కి పంపిన మనిషి లేడు. ఈరోజూ అదే. క్యాను లోపల అంచు వెంబడి తెల్లగా సన్నటి మైనంలాంటిది పట్టింది, గోటితో గీకితే వస్తుంది. అది ఏమిటో నాకు తెలియదు.

మిగిలిన వాళ్ల పాలు బాగానే ఉన్నాయట. అయినా అందరూ నీ మందునే అంటున్నారు. కౌసల్యమ్మ అన్నది నువ్వు వినాలి: "బీరమ్మ క్యానే గిట్లయితే మన గతేంది? ఊర్ల పిల్లగాండ్లు తాగే పాలల్ల మందు కలుపుడేంది?" ఆదివారం పాలకేంద్రం దగ్గర అందరూ కూడి మందు ఉంచాలా, తీసేయాలా తేలుస్తారు. తీసేయడమే ఖాయమన్నట్టు మాట్లాడుతున్నారు.

మొదట నేను కౌసల్యమ్మ మనుషులెవరో నా క్యానులో ఏదో కలిపారనుకున్నాను. నిన్న రాత్రంతా క్యాన్లు మంచం పక్కన పెట్టుకుని కాపలా కాశాను. ఎవరూ రాలేదు.

నేను ఎట్ల కడుగుతున్నానో చెప్తాను, నా వైపు తప్పేమన్నా ఉందేమో నువ్వే చూడు. నీ మందు కదా, ఎవరికన్నా నాకే ఎక్కువ పట్టింపు. సబ్బు పెట్టి, కొబ్బరిపీచుతో, అంచులూ మూతలూ అన్నీ పామి పామి, నురగ పొంగేదాకా తోముతున్నాను. ఆ నురగ మీదే నీ మందునీళ్లు పోస్తున్నాను. సబ్బూ మందూ రెండూ కలిస్తే క్రిమి మిగలదని. పైగా నల్లానీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, నడుమ కడగడానికి నీళ్లు ఎక్కడివి? ఇదివరకు క్యాన్లలో మరుగునీళ్లు పోసేదాన్ని. నీ మందు వచ్చాక అదీ మానేశాను, కట్టెలు మిగిలాయి. నా కన్నా శుద్ధంగా ఈ ఊళ్లో ఎవరూ కడగడం లేదు, బిడ్డా. మిగతా వాళ్లు బూడిదతో ఇంత తోమి, చెంబెడు నీళ్లతో తొలిపి మందు పోసేస్తున్నారు. వాళ్ల పాలు బాగున్నాయి, నావి విరిగాయి. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు.

ఆదివారం నేను మాట్లాడాలి. ఏం మాట్లాడాలో రాసి పంపు.

తలవంచని
నీ అవ్వ


కంది,
శనివారం

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరంలో 'ఆ నురగ మీదే' అన్న మాట కింద గీత గీశాను. కారణం దొరికింది.

సబ్బుకు కూడా నా మందులాగే జిడ్డు తోక ఉంటుంది, కానీ దాని ఆవేశం ఋణం. నా మందుది ధనం. రెండూ ఒక క్యానులో కలిస్తే క్రిమి కోసం చూడవు, ఒకదాన్నొకటి పట్టుకుని మైనంలా గడ్డకట్టి అడుగున కూర్చుంటాయి. నువ్వు గోటితో గీకింది అదే. అంతేకాదు, సబ్బులో క్షారం ఉంటుంది. నేను కావాలని పెట్టిన ఆ బలహీనమైన కీలు క్షారం తగిలితే తొందరగా తెగిపోతుంది. అంటే నా మందును సబ్బు రెండు రకాలుగా చంపింది. నువ్వు మరుగునీళ్లు కూడా మానేశావు కాబట్టి క్రిములను ఆపేది ఏదీ లేకుండా పోయింది. బూడిదలోనూ క్షారం ఉంటుంది కానీ అది చెంబెడు నీళ్లకే పోతుంది, అందుకే బూడిదతో తోమి కడిగిన వాళ్ల క్యాన్లలో మందు పనిచేసింది.

రుజువు కోసం ఇక్కడ చేసి చూశాను. గాజుగ్లాసులో మందునీళ్లు తేటగా ఉన్నాయి. సబ్బునీళ్లు కొంచెం ఒంపగానే పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయాయి.

తప్పు నీది కాదు అవ్వా. 'క్యాను కడగాలి' అని ఒక్కమాట రాసి ఊరుకున్నాను. నేను రాసిన గదిలో నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి. కడిగాక మళ్లీ కడగడానికి చిట్కుల్‌లో నీళ్లుండవని నాకు తెలియాలి. నేను పుట్టింది అక్కడే కదా.

ఆదివారం నువ్వు ఏమీ మాట్లాడొద్దు. నర్సింహ బాబాయికి ఫోన్ చేసి, ఆ విడతలో మందు సరిగ్గా తయారు కాలేదని, నా పొరపాటేనని చెప్తాను. సబ్బు సంగతి ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. చిట్కుల్‌లో అందరూ శుద్ధానికి నీ పేరే చెప్తారు. కౌసల్యమ్మ ముందు నువ్వు తలదించుకోవడం నేను చూడలేను. సోమవారం కమిటీలో కూడా అదే చెప్తాను. ఇంకో పని దొరుకుతుంది నాకు.

నా మాట విను, ఈ ఒక్కసారికి.
నీ సృజన


చిట్కుల్,
ఆదివారం, పొద్దుగూకాక

నా సృజనకు, బీరమ్మ గట్టిగా చెప్పి రాయిస్తున్నది.

నీ మాట వినలేదు. ఎందుకు వినలేదో, ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున పాల సమయం అయిపోగానే అందరూ పాలకేంద్రం అరుగు దగ్గర కూడారు. నేను హైమావతిని ఎడమపక్క కూర్చోబెట్టుకున్నాను. నర్సింహ లేచి ఏదో చెప్పాడు. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. కౌసల్యమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని తృప్తిగా కూర్చుంది. ఏమన్నాడని హైమావతిని అడిగితే, నా చెవిలో అరిచింది: నిన్న నువ్వు ఫోన్ చేసి మందు చెడిపోయిందని ఒప్పుకున్నావట, క్షమించమన్నావట.

నేను లేచి నిలబడ్డాను. "ఆ పిల్ల అబద్దమాడింది" అన్నాను.

అందరూ నా దిక్కు తిరిగారు. నా మనుమరాలి గురించి నేనే అట్ల అంటానని ఎవరూ అనుకోలేదు. హైమావతి నా కొంగు లాగింది. నేను ఆగలేదు.

టీ దుకాణం నుంచి రెండు గాజుగ్లాసులు తెప్పించాను. నర్సింహతో అప్పటికప్పుడు మందునీళ్లు కలిపించి రెండింటిలో పోయించాను. ఇంటి నుంచి గిన్నెలో సబ్బునురగ కలిపి తీసుకునే పోయాను. ఒక గ్లాసులో మంచినీళ్లు ఒంపాను. తేటగానే ఉంది. రెండో దాంట్లో నురగ ఒంపాను. అందరి కళ్లముందే తెల్లగా విరిగిపోయింది. పిల్లలు లేచి వచ్చి చూశారు. నర్సింహ గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

అప్పుడు చెప్పాను: "మందు చెడలే. నా చేతులు చెడగొట్టినయ్. నీళ్లు లేవని నురగ మీదనే పోసిన. పిల్ల నా పరువు కాయనీకి తన పని మీద మన్ను పోసుకుంది."

కౌసల్యమ్మ ఊరుకుంటుందా. "అంటే ఇన్నేండ్లు నా క్యాన్లంత సుద్దం లేవని మా అందరి మీద నీల్గిందంత ఉత్తదేనా?" అంది.

"సుద్దం ఎక్కువై చెడ్డయ్ కౌసల్యమ్మా" అన్నాను. "సుద్దం తక్కువై చెడినోళ్లు చేతులెత్తుండ్రి, సూస్త."

ఎవరూ ఎత్తలేదు. కౌసల్యమ్మ కూడా నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. అప్పుడు వెనక నుంచి మన పోశమ్మ మెల్లగా లేచి, తను కూడా సబ్బు మీదే మందు పోసిందని, శుక్రవారం పాలు విరిగితే ఎవరికీ చెప్పకుండా కుక్కకు పోసిందని చెప్పింది. ఇంకో ఇద్దరు అదేమాట అన్నారు. నా పాలు వెనక్కిపోయాయని భయపడి వాళ్లు తమవి దాచుకున్నారట. నేను నోరు మూసుకుంటే వాళ్లూ మూసుకునేవాళ్లు. నీ మందు పోయేది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియకపోయేది.

ఇక నీళ్ల మాట వచ్చింది. సబ్బు పోయేదాకా కడగాలంటే నీళ్లు కావాలి. క్యాన్లు కడగడానికి పాలకేంద్రంలోనే ఒక ట్యాంకు పెట్టి నల్లానీళ్లు పట్టి ఉంచాలన్నాను. అది పెట్టేదాకా పాలు పోయనన్నాను. నర్సింహ పై వాళ్లను అడగాలంటూ నసిగాడు. కౌసల్యమ్మే లేచి అంది: "బీరమ్మ పొయ్యకుంటే నేను గూడ పొయ్య. అడుగు పో." ఆమె అట్ల అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నర్సింహ అక్కడికక్కడే ఫోన్ చేసి ఒప్పించాడు, ట్యాంకు వస్తుంది. వచ్చేదాకా సబ్బు వద్దు, బూడిదే. నీ మందు ఉంటుంది.

ఇప్పుడు నువ్వు విను. నాలుగు చేతులూ నింపి, చేపల కంపు పోగొట్టి, వాగును కాచే కీలు పెట్టి నువ్వు చేసిన పనిని చెడ్డదని చెప్పడానికి నీకు ఎవరూ హక్కు ఇవ్వలేదు. నా పరువు క్యాన్లలో ఉందనుకున్నావు. క్యాన్లు బర్రెలవి. నా పరువు నేను అన్న మాటలో ఉంది. నా మనుమరాలు చేసింది, ముందు నా క్యాన్లలోనే పొయ్యండని అందరి ముందూ అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నన్ను అబద్ధం వెనక దాస్తానంటే ఒప్పుకోను.

నీ సార్లకు నేను చెప్పేది ఇది, చదివి వినిపించు. అయ్యలారా, చిట్కుల్ బీరమ్మను నేను. చదువు రాదు. మందులు పారబోసిన వాళ్లకు అడ్డం పడుకున్నది కూడా నేనే. ఈ పిల్ల చేసిన మందు మంచిది. సబ్బుతో కలిపితే విరుగుతుంది, అది నా ఇంట్లోనే తేలింది. ఆ సంగతి కాగితంలో ముందే రాయకపోవడం ఆమె పొరపాటు, ఇప్పుడు రాస్తుంది. ఊళ్లో నీళ్లుండవని లెక్కలో పెట్టుకోకపోవడం మీ అందరి పొరపాటు, మీరూ రాసుకోండి. ఈ పిల్లను ఈ పని నుంచి తప్పించకండి.

రేపు పొద్దున మీ నాయన ఈ కాగితం తెచ్చి ఇస్తాడు. కానీ ఈసారి వాడొక్కడే రాడు. స్కూటర్ మీద వెనక నేను కూర్చుంటున్నాను, గ్లాసులు రెండూ సబ్బుముక్కా నా సంచిలో ఉన్నాయి. నువ్వు కమిటీ గదిలోపలికి పోయేటప్పటికి ఆ తలుపు బయటే ఉంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి బయటికి రా, ఇద్దరం కలిసి టీ తాగుదాం. మందు చెడ్డదన్నావంటే మాత్రం, పిలవకపోయినా నేనే లోపలికి వస్తాను.

నిన్ను చూసి తలెత్తుకు తిరిగే
నీ అవ్వ బీరమ్మ